రెండో కుర్చీ పైన ఫ్యాను

ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో కుర్చీలు చేసినవాడెవడోగానీ, ఆరింటినీ ఒకే ఇనప కమ్మీకి బిగించేశాడు. ఒకరు కాలు ఊపితే ఆరుగురం ఊగాలి. ఒకరు లేస్తే మిగతా ఐదుగురం కొద్దిగా పైకి లేచి, మళ్ళీ కిందపడాలి. జబ్బు లేకుండా వచ్చినవాణ్ణి కూడా నడుం నొప్పితో లోపలికి పంపే ఏర్పాటు.

ఆ పూట కాలు ఊపుతున్నది నా క్లయింటే. ఏమీ అనలేక, ఆవిడతోపాటే ఊగుతూ కేసు విన్నాను.

"మా ఆయనకి సుగర్ లేదు అన్నయ్యగారూ."

"శుభం. ఆ మాట చెప్పడానికి డిటెక్టివ్ ఎందుకమ్మా? పెళ్ళికొడుకు సిగరెట్లు తాగుతాడా లేదా అనేది నా లైను."

"ఉందని ఈ ఆస్పత్రివాళ్ళు రాసిచ్చారు. అందుకు."

విషయం ఇదీ. ఆవిడ ఆడపడుచు బళ్ళో టీచరు. రెండు కిడ్నీలూ పోయి, రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు మిషను మీద పడుకుని రక్తం కడిగించుకుంటోంది. కిడ్నీ ఇస్తామని ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు టీచరమ్మ తమ్ముడు, అంటే నా క్లయింటు భర్త. వయసు నలభై ఆరు, ఇంట్లో పేరు చిన్నోడు. రెండోవారు టీచరమ్మ భర్త. ఆయన్ని ఇంటిల్లిపాదీ బావగారంటారు, ఆస్పత్రి వాచ్‌మన్‌తో సహా. పోయిన నెల ఇద్దరికీ పరీక్షలు చేశారు. చిన్నోడికి సుగరుందనీ, మూత్రంలో ప్రొటీన్ పోతోందనీ, కిడ్నీ ఇవ్వడానికి పనికిరాడనీ తేలింది. బావగారు భేషుగ్గా ఉన్నారట. రేపు పొద్దున్నే ఆపరేషన్. ఆయన అప్పుడే పై అంతస్తులో చేరిపోయారు.

"ఇంటికెళ్ళగానే మిషను కొన్నాను. పొద్దునా సాయంత్రం ఈయన వేలు పొడిచి చూస్తున్నాను. ఒక్కసారైనా ఎక్కువ రాలేదు" అంది.

"ఆయనేమంటారు?"

కాలు ఊపడం ఆగింది. ఆరుగురం నిలకడ పడ్డాం.

"ఏమీ అనరు. అదే నా భయం. కూరలో ఉప్పు తగ్గితే వీధివీధంతా వినపడేలా అరిచే మనిషి. నెల్రోజులుగా చక్కెర లేని కాఫీ ఇస్తున్నాను. తాగి, బాగుందంటున్నారు."

పాతికేళ్ళ అనుభవంతో చెబుతున్నాను. పెళ్ళయిన మగాడు నోరెత్తకుండా చప్పిడి తింటున్నాడంటే ఎక్కడో ఏదో నేరం జరిగింది.

"మరి బావగారి సంగతి?"

"ఆయనది భలే కలిసిందండీ! వదినకీ ఆయనకీ కణాలు సగానికి సగం కలిశాయట. అన్నాచెల్లెళ్ళకి కలిసినట్టు. ముప్పై ఏళ్ళ కాపురంలో మనుషులే కాదు, కండ కూడా ఒకటైపోయిందని వదిన చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంది. ఇంకా చెబుతూనే ఉంది."

రక్తసంబంధం లేనివాళ్ళకి అంతగా కలవడం అరుదు. అసాధ్యం మాత్రం కాదు. అందుకని డాక్టర్లూ సరేననుకున్నారు. ఇంట్లోవాళ్ళయితే మురిసిపోయారు. తిట్టయితే ఎవరన్నారు, ఎందుకన్నారు అని ఆరా తీస్తాం. పొగడ్తని ఎవరమూ రెండోసారి పరీక్ష చేయించం.

"రక్తం తీసిన రోజు మీ ఆయన ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటారు? సూది గుచ్చిన చోట దూది అంటించి పంపితే, రెండ్రోజులు ఎడమ చెయ్యి కదపలేదు. టీవీ రిమోట్ కూడా నేనే నొక్కాను."

"ఎడమ చెయ్యేనా? బాగా గుర్తు చేసుకోండి."

"వాచీ చెయ్యండీ. ఆ వాచీ కూడా నాచేతే విప్పించుకున్నారు."

రక్తం తీసే గదిలోకి ఊరికే పోనివ్వరు. రక్తం ఇస్తేనే పోనిస్తారు. కాబట్టి వృత్తిధర్మం కోసం టోకెన్ తీసుకున్నాను.

గది రైలు పెట్టెంత ఉంది. రెండు కుర్చీలు. ఒకటో కుర్చీని ఎడమవైపు గోడకి ఆనించేశారు. అందులో కూర్చుంటే బయటికి చాపడానికి కుడి చెయ్యి ఒక్కటే ఉంటుంది. రెండో కుర్చీ ఇవతల గోడకి. అక్కడ ఎడమ చెయ్యే గతి. ఒకటో కుర్చీ పైన ఫ్యాను తిరుగుతోంది. రెండోదాని పైన ఉత్త కొక్కెం. దాన్ని పట్టుకుని ఒక సాలీడు చక్కగా సొంత ఇల్లు కట్టుకుంది. నన్ను రెండో దాంట్లో కూర్చోబెట్టారు. నా వీపు మీద చొక్కా అంటుకుపోతుంటే సాలీణ్ణి చూస్తూ కూర్చున్నాను.

ఒక్కో కుర్చీ చేతికీ ఒక చిన్న ట్రే తగిలించి ఉంది. అందులో గాజుగొట్టాలు, మూత్రం పట్టడానికి ఒక డబ్బా, అన్నిటి మీదా పేర్ల చీటీలు అప్పుడే అంటించి సిద్ధంగా ఉన్నాయి. సిస్టరుకి ముప్పై ఏళ్ళుంటాయి. బయట క్యూ మెట్ల దాకా ఉంది. ఆవిడ గొట్టం మీది చీటీ చూసి ఒక పేరు చదివి, "మీరేగా?" అంది, అప్పటికే నా చెయ్యి పట్టుకుని.

అది నా పేరు కాదు. నా ముందు టోకెన్ ఆయన కాఫీకి వెళ్ళాడు. గొట్టాలు ఆయనవి.

"ఆఁ" అన్నాను.

సూది దిగింది. నిజం చెప్పొద్దూ, చీమ కుట్టినంత కూడా తెలియలేదు. గొట్టం నిండాక చెప్పాను. "సిస్టర్, ఆ పేరు నాది కాదు. దాన్ని పారేయండి."

ఆవిడ మొహంలో ఉన్న రక్తం ఏ గొట్టంలోకి పోయిందో తెలియదు.

"మరి అవునన్నారేంటి సార్?"

"మీరంత నమ్మకంగా అడిగితే కాదనడం మర్యాద అనిపించలేదు."

ఆవిడ గొట్టాన్ని చెత్తడబ్బాలో పడేసి, తొడుగులు విప్పింది. "పేరు వాళ్ళనే చెప్పమనాలి. గొట్టం నిండాకే చీటీ అంటించాలి. నాకు తెలుసు సార్. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కదాన్నే చేస్తున్నా. ముందే అంటించుకోకపోతే మధ్యాహ్నానికి కూడా క్యూ తరగదు."

"పోయిన నెల టీచరమ్మగారి తమ్ముడూ, బావగారూ వచ్చారు కదా. ఎవరిది ఏ కుర్చీ?"

"వాళ్ళు నాకు గుర్తే. తమ్ముడిది ఒకటో టోకెన్. ఒకటో కుర్చీ. బావగారిది రెండు."

"రూలు ప్రకారం ఇంకో రోజు రప్పించి రెండోసారి తీసి సరిచూడాలి కదా?"

ఆవిడ తల దించుకుంది. "వాళ్ళే బతిమాలారు. మళ్ళీ రావడం కష్టం, ఇక్కడ బండి పెట్టుకోడానికే చోటు దొరకదు అన్నారు. రెండోసారివి కూడా అప్పుడే తీసి పక్కన పెట్టాను."

ఒకటో కుర్చీలో కూర్చున్నవాడి ఎడమ చెయ్యి గోడకి ఆని ఉంటుంది. దాన్ని పొడవాలంటే గోడ పగలగొట్టాలి. చిన్నోడు ఇంటికి తెచ్చుకున్న దూది మాత్రం ఎడమ చేతికే ఉంది. అంటే అతను కూర్చున్నది రెండో కుర్చీలో. అంటే, చిన్నోడి చీటీ ఉన్న గొట్టాల్లోకి పోయింది బావగారి రక్తం. ఆ సుగరు బావగారిది. సగానికి సగం కలిసిన కణాలు అక్కాతమ్ముళ్ళవి. రేపు పొద్దున్న కోసి తీయబోయేది, అప్పటికే చిల్లు పడ్డ కిడ్నీ.

మెట్లు రెండేసి ఎక్కాను. మూడో అంతస్తులో మాజీగారు అడ్డం వచ్చారు.

మాజీగారంటే ఒకప్పటి ఇన్‌స్పెక్టరు. రిటైరయ్యాక ఈ ఆస్పత్రిలో విజిలెన్స్ ఆఫీసరుగా చేరారు. యూనిఫాం పోయింది గానీ బెల్టు సవరించుకునే అలవాటు పోలేదు.

"ఏమయ్యా సంబంధాల డిటెక్టివూ! ఇక్కడెవరికి పెళ్ళి?"

"రేపు జరగబోయే ఆపరేషన్ ఆపించండి సార్. రక్తాలు తారుమారయ్యాయి."

ఆయన నవ్వారు. "నీకంటే ముందే వాసన పట్టానోయ్. నిన్న ఆ చిన్నోడు క్యాంటీన్లో లడ్డూ తింటుంటే నా కళ్ళతో చూశాను. సుగరున్నవాడు అలా తినడు. కిడ్నీ ఇవ్వడానికి దడిసి, నర్సు చేతిలో ఏదో పెట్టి దొంగ రిపోర్టు తెప్పించుకున్నాడు."

"బాగుంది. మరి ఆ సుగరు గొట్టంలోకి ఎలా వచ్చింది? సిస్టరు చెంచాతో వేసి కలిపిందంటారా?"

ఆయన బెల్టు సవరించుకున్నారు.

"సుగరు ఎవరిదో ఒకరిదై ఉండాలి కదా సార్. ఆ పూట గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరికి లేదు."

లెక్క ఆయనకి అందడానికి కొంచెం సేపు పట్టింది. అందగానే మాత్రం, ఒప్పుకోవాలి, నాకంటే ముందు ఆయనే పరిగెత్తారు. అది తన తెలివే అని డాక్టరమ్మకి చెప్పడానికి.

కిడ్నీ డాక్టరమ్మ మా ఇద్దర్నీ పూర్తిగా మాట్లాడనివ్వలేదు. బావగారినీ చిన్నోడినీ విడివిడిగా పిలిపించి, "మీ పేరు మీరే చెప్పండి" అని అడిగి, తన ఎదుటే రక్తం తీయించి, తన ఎదుటే చీటీలు అంటించింది. మధ్యాహ్నం దాటాక బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"సుగర్ బావగారికే. చాలా ఏళ్ళ నించీ ఉన్నట్టుంది. ప్రొటీన్ కూడా పోతోంది. రేపు ఒక కిడ్నీ తీసేసుంటే, మిగిలింది ఎన్నాళ్ళు ఆగేదో చెప్పలేను. మొగుడూ పెళ్ళాలిద్దరూ పక్కపక్క మిషన్ల మీద పడుకునేవాళ్ళు. లేదా అంత దాకా కూడా వచ్చేవాళ్ళు కాదు."

రేపటి ఆపరేషన్ రద్దయింది. ఒక ప్రాణం నిలబడింది. డిటెక్టివ్ నవలైతే ఇక్కడ నేను టోపీ సర్దుకుని వెళ్ళిపోవాలి. నాకు టోపీ లేదు.

మాజీగారు చిన్నోణ్ణి నిలదీశారు. "ఒకటో కుర్చీ వదిలి రెండో దాంట్లో ఎందుకు కూర్చున్నావ్?"

చిన్నోడు ఆయన బూట్లకేసి చూస్తూ చెప్పాడు. "ఉక్కగా ఉందండీ. రెండో కుర్చీ ఫ్యాను కింద ఉంది కదాని మారాను. చీటీలు ముందే అంటించారని మాకేం తెలుసు?"

బావగారిని అడిగితే ఆయనా అదే చెప్పారు. "వాడికి ఉక్కగా ఉందన్నాడు. రెండో కుర్చీ ఫ్యాను కింద ఉంది కదాని మారాడు."

"అయిపోయింది!" మాజీగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. "చెమటకి కుర్చీలు మారారు. నర్సు పేరు సరిగా అడక్కుండా పొడిచింది. తప్పు నూటికి నూరు పాళ్ళూ ఆవిడదే. సాయంత్రంలోగా ఉద్యోగం ఊడుతుంది. రోగి తరఫున ఒక్క కంప్లయింటు సంతకం చాలు."

"ఒక్కదానితో ఇద్దరి పని చేయించినవాళ్ళ మాటేమిటి?" అంది డాక్టరమ్మ.

"అది నా పరిధిలోకి రాదు మేడమ్."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "ఇకనించి ఏం జరిగినా ఆ తమ్ముణ్ణి ఎవరూ తొందర పెట్టడానికి వీల్లేదు. కిడ్నీ ఇచ్చేవాళ్ళందరికీ ముందే క్లాసు పెట్టి చెబుతాం. ఇష్టం లేకపోతే, భయమేస్తే, నా చెవిలో ఒక్క మాట చెబితే చాలు. ఆపరేషన్ బల్ల ఎక్కాక చెప్పినా సరే. ఈ మనిషి సరిపోలేదు అని మేమే అంటాం. ఎందుకు సరిపోలేదో కన్నతల్లి అడిగినా చెప్పం. అందుకే ఒక్కొక్కర్నే రమ్మంటాం. వీళ్ళేమో ఇంటిల్లిపాదీ కలిసి వచ్చారు. ముందు వరసంతా వీళ్ళే."

నేను తలాడించాను గానీ నా బుర్ర ఆవిడ మాటల మీద లేదు. వీపు మీద ఇంకా చెమట ఆరలేదు. అది ఏ కుర్చీలో పట్టిన చెమటో అప్పుడు గుర్తొచ్చింది.

మళ్ళీ మెట్లు దిగాను. "సిస్టర్, రెండో కుర్చీ పైన ఫ్యాను ఏమైంది?"

"అదా సార్? పోయిన ఎండాకాలం పైవాళ్ళ గదిలో ఫ్యాను పాడైతే పట్టుకుపోయారు. మళ్ళీ రాలేదు. ఇంక రాదు."

ఫ్యాను పోయింది ఎండాకాలంలో. రక్తం తీసింది పోయిన నెల. ఉక్కపోస్తోందని ఒక మనిషి తిరుగుతున్న ఫ్యాను కిందనించి లేచి, సాలీడు కిందకెళ్ళి కూర్చున్నాడు. అది చూసి ఇంకో మనిషి సరేనన్నాడు. ఇద్దరూ ఒకే వాక్యం, ఒక్క అక్షరం తేడా లేకుండా ఒప్పజెప్పారు.

బావగారు మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి జేబులో కళ్ళజోడు కేసు సర్దుకున్నారు. అది గలగలలాడింది. కళ్ళజోడు చూస్తే ఆయన ముక్కు మీదే ఉంది.

"సుగరు మాత్రలు ఎన్నేళ్ళ నించీ బావగారూ?"

ఆయన తలుపు వైపు చూశారు. ఎవరూ లేరు. "ఆరేళ్ళు. మా ఆవిడకి తెలీదు. తెలిస్తే తన జబ్బు మానేసి నా జబ్బు చూసుకుంటుంది."

"రెండో కుర్చీ పైన ఫ్యాను లేదు."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. తర్వాత ఎంత నెమ్మదిగా చెప్పారంటే, పక్కన కూర్చుని వినాల్సి వచ్చింది.

"వాడు మా బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చాడండీ. చప్పుడు బయటికి రాకుండా. తలుపు కొట్టి లోపలికెళ్ళాను. కత్తంటే వాడికి చిన్నప్పటినించీ భయం. కాదని చెబితే అక్క మొహం ఎలా చూడను బావా అన్నాడు. నాకా, ఇద్దామని ప్రాణం కొట్టుకుంటోంది. సుగరుందంటే డాక్టర్లు తీసుకోరు. ఇద్దరి కష్టమూ ఒక్క కుర్చీతో తీరిపోతుంది అనిపించింది. ఆ గదిలో చీటీలు ముందే అంటించడం నేను అంతకుముందే చూశాను."

"సిస్టరు కనిపెట్టేస్తుందని అనిపించలేదా?"

"ముప్పై ఏళ్ళు తపాలా సార్టింగులో పనిచేశాను. కవరు మీద ఏం రాసుంటే అదే చూస్తాం. లోపల ఏముందో ఎవడు చూస్తాడండీ?"

"ప్రాణం పోయేది."

"అది నా కవరు. నా ఇష్టం."

నాకు కోపం వచ్చింది. "అంత నాటకం అక్కర్లేదు. చిన్నోడు డాక్టరమ్మ చెవిలో ఒక్క మాటంటే, సరిపోలేదని వాళ్ళే అనేవాళ్ళు. మీ ఆవిడకి ఎప్పటికీ తెలిసేది కాదు. క్లాసులో చెప్పారట కదా!"

బావగారు కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"ఎప్పుడు చెప్పారది?" అన్నారు. "నేను లేను. బండి అడ్డంగా ఉంది తీయమని మైకులో పిలిస్తే వెళ్ళాను. వచ్చేసరికి కాఫీలిస్తున్నారు."

"చిన్నోడు?"

"వాడు వాళ్ళక్క పక్కనే కూర్చున్నాడు. అక్క చెయ్యి వాడి భుజం మీద ఉంది. ఆ మాట వాడి చెవికెలా ఎక్కుతుంది?" ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "మీకు దణ్ణం పెడతాను. మా ఆవిడకి చెప్పకండి. తమ్ముడికి ఇవ్వడం ఇష్టం లేదనీ, మొగుడు చావడానికి తయారయ్యాడనీ ఒక్క రోజే తెలిస్తే, రేపటినించి ఆ మిషను మీదకి కూడా వెళ్ళదు. దాని సంగతి నాకు తెలుసు."

ఈ మాట అంటుండగానే తలుపు తెరుచుకుంది.

ముందు టీచరమ్మ వచ్చింది, చక్రాల కుర్చీలో. మొహం ఉబ్బి ఉంది. చూపు మాత్రం ఆఖరి బెంచీలో ఎవడు చూచిరాస్తున్నాడో పట్టేసే చూపు. కుర్చీ తోస్తున్నది నా క్లయింటు. వెనక మాజీగారు, చేతిలో టైపు చేయించిన కంప్లయింటు. అందరికంటే వెనక చిన్నోడు. సుగరు లేదని తేలిన సంతోషంలో భార్య అతనికి రెండు చెంచాల చక్కెర వేసిన కాఫీ చేతికిచ్చింది. ఒక్క గుక్క కూడా తాగలేదతను. అది చల్లారి పైన మీగడ కట్టింది.

"ఇక్కడ పెట్టండమ్మా సంతకం" అన్నారు మాజీగారు.

టీచరమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. నన్ను చూసింది.

"బాబూ, కనిపెట్టింది నువ్వేనట కదా. రెండేళ్ళుగా నాకు రక్తం తీసేది ఆ సిస్టరే. ఇన్ని సూదుల్లో నొప్పి తెలియకుండా గుచ్చేది ఆ పిల్లొక్కతే. ఆ పిల్ల అన్నం పోయే సంతకం ఊరికే పెట్టను. బళ్ళో కూడా అంతే, ఇద్దరు సాక్షులు చెప్పినా సరే, మూడోవాణ్ణి అడిగి గానీ ఎవరినీ బెంచీ ఎక్కించలేదు నేను." ఆవిడ పెన్ను మూత తీసింది. "నా మొహం చూసి చెప్పు. తప్పంతా ఆ పిల్లదేనా?"

అవునంటే సిస్టరు సాయంత్రానికి వీధిలో ఉంటుంది. ఆవిడ తప్పు ఉంది. కానీ దానికి మించింది ఈ గదిలోనే ఉంది. కాదంటే, మరి ఎవరిది అని టీచరమ్మ అడుగుతుంది. అడగడం ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఉద్యోగం. లేచి ఆవిడ కుర్చీ వెనక్కి చేరిన బావగారు నాకు రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. గుమ్మంలో చిన్నోడు కప్పులోకి చూస్తున్నాడు. నాకు ఫీజిచ్చిన మనిషి, తన భర్త ఆరోగ్యంగా ఉన్నాడని మొదటిసారి ఇవాళ నవ్వుతోంది.

అయ్యా, అమ్మా, ఇది చదువుతున్న మహానుభావులారా! పెళ్ళికొడుకు సిగరెట్ల గురించి ఏదైనా అడగండి, తడుముకోకుండా చెబుతాను. ఇది నా లైను కాదు. మీలో అక్కలుంటారు, తమ్ముళ్ళుంటారు, ఇంట్లోవాళ్ళకి తెలియకుండా మాత్రలు మింగేవాళ్ళుంటారు, తలుపు వేసుకుని కుళాయి విప్పినవాళ్ళూ ఉంటారు. మీరైతే ఏమనేవారు? అవుననా, కాదనా? మీ కాళ్ళు పట్టుకుంటాను, త్వరగా చెప్పండి.

పెన్ను కాగితం మీద ఆనించి, ఆవిడ ఇంకా నా మొహంకేసే చూస్తోంది.